హాంకాంగ్ క్యూల సంగతి

ఒరేయ్ రవీ,

ఉత్తరం అందింది. ఇంటి కబుర్లు ఇంకోసారి, ముందు నీ ప్రశ్న. 1997లో హాంకాంగ్ చైనా చేతికి పోతుంటే అక్కడి జనం సంబరపడ్డారా, ఏడ్చారా అన్నావు. వాళ్లనేం అడక్కురా, ఏ క్యూలో నిలబడ్డారో చూడు.

ఎవరి కింద ఉంటారని వాళ్లనెవరూ ఓటు అడగలేదు. 1842లో హాంకాంగ్ దీవినీ, 1860లో ఎదురుగా ఉన్న కౌలూన్‌నీ బ్రిటన్ చైనా చేత శాశ్వతంగా రాయించుకుంది. కౌలూన్ వెనకనున్న న్యూ టెరిటరీస్ మాత్రం 1898లో 99 ఏళ్ల లీజుకి తీసుకుంది. ఆ లీజు భూమి పోతే మిగతాది నిలవదు. అదీ చిక్కు. 1982లో బ్రిటన్ ప్రధాని థాచర్ బీజింగ్ వెళ్లి బేరం మొదలుపెట్టింది. మరుసటి ఏడు సెప్టెంబర్‌కి చర్చలు బెడిసి, హాంకాంగ్ డాలర్ ఢమాల్! అమెరికా డాలర్‌కి 9.6 దాకా పడిపోయింది. జనం దుకాణాల మీద పడి బియ్యం, టాయిలెట్ పేపర్ మోసుకుపోయారు. అక్టోబర్‌లో అమెరికా డాలర్‌కి 7.8 అని రేటు కట్టేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

1984లో బ్రిటన్, చైనా చేసుకున్న ఒప్పందంలో 50 ఏళ్లు ఏమీ మారదన్నారు. గుర్రప్పందేలూ డాన్సులూ ఎప్పట్లాగే సాగుతాయని చైనా నేత డెంగ్ భరోసా. జనం నమ్మీ నమ్మనట్టు ఉన్నారు. 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో నిరసనకారులపై సైన్యం కాల్పులు జరిపాక ఆ కాస్తా పోయింది. 1990 మొదలు కొన్నేళ్లు ఏటా 60 వేల మంది దాకా వలసపోయారు. భార్యాపిల్లల్ని వాంకూవర్‌లో దింపి, తాను ఉద్యోగం కోసం వెనక్కొచ్చి విమానాల్లోనే బతికే మగాళ్లకి 'వ్యోమగాములు' అని పేరు పెట్టారు.

ఇక 1996 మార్చి చివర చూడాలి. బ్రిటిష్ పాస్‌పోర్టుకి అర్హత తెచ్చుకునే గడువు నెలాఖరుతో సరి. హాంకాంగ్‌లోని వాన్‌చాయ్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు ముందు వేలాది మంది, పక్కనున్న ఆటస్థలం దాకా. పోనీ అది దొరికితే బ్రిటన్‌లో కాపురం పెట్టొచ్చా? లేదురా! అప్పట్లో ప్రయాణాలకి తప్ప పనికిరాని కాగితం. అయినా నిలబడ్డారు. ఏదో ఒకటి చేతిలో ఉండాలిగా.

విచిత్రం ఏంటంటే అదే ఊళ్లో, అప్పుడే, కొత్త ఫ్లాట్ల కోసమూ క్యూలు. క్యూలో చోటుకి కూడా డబ్బిచ్చి కొనుక్కున్నారు. 1997 మేలో బీజింగ్ నగర ప్రభుత్వ కంపెనీ బీజింగ్ ఎంటర్‌ప్రైజెస్ షేర్లకి వెయ్యి రెట్లకు మించి దరఖాస్తులు! బీజింగ్ అంటే దడ, బీజింగ్ షేరంటే ఆశ. ఇది ద్వంద్వనీతి అని కొందరు తిట్టిపోస్తారు గానీ, నేనొప్పుకోను. నిర్ణయం నీ చేతిలో లేనప్పుడు రెండు పడవల మీదా కాళ్లు వేయక ఏం చేస్తావ్?

మనవాళ్ల గతే అన్యాయం. తరాలుగా అక్కడున్న భారతీయులు చైనీయులు కారు గనక చైనా పౌరసత్వం దానంతటది రాదు. బ్రిటనేమో పూర్తి పౌరసత్వం ఇవ్వనని నానబెట్టి నానబెట్టి, 1997 మొదట్లో గానీ దిగిరాలేదు. ఆ టెన్షన్ గురించి ఎవరూ పెద్దగా రాయరు.

చివరికి జూన్ 30 అర్ధరాత్రి జెండా మారింది, బయటేమో వాన. జూలై 2న థాయ్‌లాండ్ కరెన్సీ బాత్ కుప్పకూలి ఆసియా అంతా సంక్షోభం. 2003 కల్లా హాంకాంగ్ ఫ్లాట్ల ధరలు సగానికి పైగా పడిపోయాయి. పాస్‌పోర్టు క్యూ వాళ్లకంటే ముందు ఫ్లాటు క్యూ వాళ్లే మునిగారన్నమాట!

వెంటనే జవాబు రాయి.

నీ
సూరి