ముందు నొప్పి తగ్గించండి సార్, స్కానింగ్ తర్వాత

కర్ణాటక ఆరోగ్యశాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. బెంగళూరులో బిల్డింగుల పనికొచ్చిన మా అనంతపురం వాళ్లకు కిడ్నీలో రాళ్లు మామూలే. ఎండలో పని, నీళ్లు తాగే తీరిక ఉండదు. మొన్న మా బావమరిదిని ఒక ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నా "రిపోర్టు రానీ, ఇప్పుడే సూది వేస్తే జబ్బేదో తెలీదు" అన్నారు. అది పాతకాలం నమ్మకం. నొప్పి తగ్గిస్తే రోగ నిర్ధారణ చెడదని పరిశోధనలు తేల్చి ఏళ్లయింది.

రాళ్ల నొప్పికి ముందుగా వాడేది డైక్లోఫెనాక్ లాంటి సూదే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, కడుపులో పుండ్లున్నవాళ్లకు అది పడదు. వాళ్లకు పారాసిటమాల్ ఒక గ్రాము 15 నిమిషాల్లో నరంలోకి ఎక్కించొచ్చు. ఖరీదు కూడా తక్కువే!

తొడ ఎముక విరిగినవాళ్లకు మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు కావాలి. 2014లో మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) సవరించి, ఆస్పత్రులు వాటిని ఉంచుకోవడానికి లైసెన్సుల తిప్పలు తగ్గించారు, వాటిని వాడాలంటే ఆస్పత్రులకున్న భయం మాత్రం తగ్గలేదు.

బీపీ, పల్స్ రాసే కాగితంలోనే 0 నుంచి 10 దాకా నొప్పి ఎంతుందో చెప్పే అంకె కూడా రాయాలని, మందిచ్చిన అరగంటకు మళ్లీ అడగాలని అన్ని ఆస్పత్రులకూ సర్క్యులర్ పంపండి. కన్నడతో పాటు తెలుగు, తమిళం, హిందీలో బోర్డూ పెట్టించండి.

ఇట్లు,
మారతహళ్ళిలో ఉంటున్న ఒక మేస్త్రి