ఎంపికలో పాయింట్లొక్కటే చూడొద్దు

సంపాదకులకు,

అనంతపురం జిల్లా బాస్కెట్‌బాల్ ఎంపికల్లో ‘ఎన్ని పాయింట్లు కొట్టాడు’ అన్నదే కొలత కావడం అన్యాయం. 20 రెండు పాయింట్ల షాట్లలో 8 వేసినవాడికి 16 పాయింట్లు. 10 మూడు పాయింట్ల షాట్లలో 4 వేసినవాడికి 12. జట్టుకు రెండోవాడే లాభం: మూడు పాయింట్ల బుట్టను ఒకటిన్నరగా లెక్కిస్తే మొదటివాడి సామర్థ్యం 40 శాతం, రెండోవాడిది 60.

అధికారిక స్కోర్‌షీటులో తప్పిన షాట్లు, పోగొట్టుకున్న బంతులు ఉండవు. అందుకే పక్కన ఇద్దరిని కూర్చోబెట్టాలి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. ఒక్కరే రెండూ చేస్తే రీబౌండ్లు (తప్పిన షాట్ తర్వాత అందుకున్న బంతులు) లెక్కలోంచి జారిపోతాయి. షాట్ ప్రయత్నాలకు ఫ్రీ త్రో (ఫౌల్‌కు దక్కే షాట్) ప్రయత్నాల సంఖ్యను 0.44తో గుణించి కలిపి, పోగొట్టుకున్న బంతులు చేర్చి, అఫెన్సివ్ రీబౌండ్లు (సొంత జట్టు షాట్ తప్పినప్పుడు తిరిగి అందుకున్న బంతులు) తీసేస్తే జట్టుకు దక్కిన అవకాశాలు సుమారుగా తేలతాయి. పాయింట్లను వాటితో భాగించి చూడండి.

రెండు మ్యాచ్‌ల అంకెలతో మాత్రం ఎవరినీ తీసేయకండి. 35 శాతం షూటర్ పది షాట్లలో ఒకటే వేయవచ్చు, ఆరూ వేయవచ్చు. డిఫెన్స్ ఈ లెక్కలకు సరిగా అందదు. అక్కడ కోచ్ కన్నే కావాలి.

– ఒక బాస్కెట్‌బాల్ శిక్షకుడు, అనంతపురం