గ్రావెల్ కింద ఏముందో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నాది విజయనగరం, పాతికేళ్లుగా సాయిల్ టెస్టు పనుల్లో ఉన్నాను, బ్రిడ్జీలకీ వాటర్ ట్యాంకులకీ పెద్ద బిల్డింగులకీ బోర్లు వేయించి మట్టి శాంపిల్స్ ల్యాబుకి పంపడం నా పని. ఈ ఉత్తరం మాత్రం మా చెల్లి ఇంటి గురించి రాస్తున్నాను, ఎందుకంటే మన ఊళ్ల చుట్టూ ఇప్పుడు ఇలాంటి ఇళ్లే లేస్తున్నాయి, శ్రీకాకుళం వైపు వెళ్లినా అంతే, నిన్నటిదాకా వరి ఉన్న చోట ఎర్ర గ్రావెల్ పోసేసి తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు అమ్మేస్తున్నారు.

మా చెల్లి వాళ్లు కొన్నది కూడా అలాంటి లేఅవుట్లోనే, నాలుగు సెంట్లు. ఇల్లు మొదలెట్టేటప్పుడు నేను ఒడిశాలో బ్రిడ్జి పని మీద ఉన్నాను. ఫోన్ చేసి "అన్నయ్యా, మట్టి టెస్టు చేయించాలా, పక్కింటికి అయిదడుగుల లోతు తీసి నాలుగడుగుల వెడల్పు ఫుటింగు వేశారట, మనకీ అదే సరిపోతాదని మేస్త్రి అంటున్నాడు" అంది. ఫుటింగంటే పిల్లరు కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మ. నేనొచ్చి చూస్తాను ఆగమ్మా అన్నాను, కానీ ముహూర్తం దగ్గరపడిందని ఆగలేదు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. రెండు వానాకాలాలు గడిచేసరికి హాల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వచ్చింది, పైకి పోయేకొద్దీ వెడల్పు, వెనక గది తలుపుకి గడియ పడటం లేదు.

పోయిన నెల మా కుర్రాళ్లని తీసుకెళ్లి ఇంటి వెనకాల బోరు వేయించాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మూడు కాళ్ల స్టాండు కట్టి 63.5 కేజీల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక ట్యూబుని భూమిలోకి దింపుతాం, మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, ఆ తర్వాత 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ వాల్యూ. మీటరున్నర లోతులో గ్రావెల్లో 14 దెబ్బలు పడ్డాయి, బాగానే ఉంది కదా అనుకున్నాం. మూడు మీటర్ల దగ్గర రెండే దెబ్బలకి దిగిపోయింది. ట్యూబు విప్పితే నల్లటి బురద, కుళ్లు వాసన, అందులో తుంగ వేర్లు, వేలిగోరంత నత్తగుల్లలు. మా చెల్లి ఆ గుల్లలు చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. గట్టు మీద కూర్చున్న ఒక ముసలాయన "ఇది సెరువు గర్భం బాబూ, నా సిన్నప్పుడు గేదెల్ని ఇక్కడే కడిగీవోళ్లం" అన్నాడు. ప్లాటు కొనేముందు ఆయన్ని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

అసలు ఏం జరిగిందంటే, ఫుటింగు కింద బరువు ఫుటింగుతో ఆగదు, దాని వెడల్పుకి సుమారు రెండు రెట్ల లోతు దాకా కిందకి పాకుతాది, నాలుగడుగుల ఫుటింగంటే కింద ఇంకో ఎనిమిది అడుగులు. అక్కడ గ్రావెల్ మొత్తం ఆరడుగులే, అంటే ఫుటింగు కింద గట్టి మట్టి ఒక్క అడుగే, మిగతాదంతా బురద. పైగా ఆరడుగుల గ్రావెల్ బరువే చదరపు మీటరుకి మూడు టన్నుల పైన ఉంటాది, కాబట్టి ఇల్లు కట్టకముందే ఆ బురద నొక్కుకుపోవడం మొదలైపోయింది, బంకమట్టిలోంచి నీరు బయటికి పోవడానికి ఏళ్లు పడతాది, ఆ ఏళ్లన్నీ ఇల్లు దిగుతూనే ఉంటాది. అన్ని పిల్లర్లూ సమానంగా దిగితే గోడకి అంత నష్టం లేదు, తేడాగా దిగితేనే పగులుతాది. విడివిడి ఫుటింగుల మీద కట్టిన ఆర్‌సీసీ బిల్డింగుకి రెండు పిల్లర్ల మధ్య దిగుబాటు తేడా వాటి దూరంలో 0.0015 వంతు దాటకూడదని మన దేశపు పునాదుల కోడు ఐఎస్ 1904 చెప్తాది, మూడు మీటర్ల దూరానికి లెక్కేస్తే 4.5 మిల్లీమీటర్లు, బియ్యపు గింజ పొడవు కూడా లేదు.

అందుకే కొనేముందే చూడండి. అడంగల్లో (ఊరి భూముల రికార్డులో) ఆ సర్వే నంబరుకి ఏం రాసుందో, పాత మ్యాపులో చెరువో గెడ్డో (వాగో) ఉందేమో చూడండి, ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, దగ్గర్లో నుయ్యి ఉంటే వానాకాలంలో నీళ్లు ఎంత పైకొస్తాయో కనుక్కోండి. తుంగ మొలిచిందా, కరెంటు స్తంభాలు వాలిపోయున్నాయా, పక్కిళ్ల కాంపౌండు గోడలు పగిలున్నాయా, ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా తెలిసేవే. తర్వాత ఎదురెదురు మూలల్లో రెండు గోతులు తీయించండి, గ్రావెల్ దాటి అసలు నేల కనిపించేదాకా, కానీ నాలుగైదు అడుగులు దాటాక లోపలికి మనిషిని దింపొద్దు, పోసిన మట్టి ఒక్కసారిగా విరిగి పడతాది, జేసీబీతో తీసి పైనుంచే చూడండి. ఆ మట్టి గాజు సీసాలో నీళ్లేసి బాగా కలిపి వదిలేస్తే ఇసక నిమిషంలో కిందకి చేరిపోతాది, బంకమట్టి అయితే గంటల తరబడి నీళ్లు బురదగానే ఉంటాయి. తడి మట్టిని అరచేతిలో అగ్గిపుల్ల మందం దారంలా చుట్టగలిగితే అందులో బంక ఉన్నట్టే. ఇవి టెస్టుకి బదులు కాదు, టెస్టు ఎంత అవసరమో చెప్పేవి.

బోరు వేయిస్తే వానలు తగ్గుతున్నప్పుడు వేయించండి, ఎండాకాలంలో బంకమట్టి ఎండి రాయిలా ఉంటాది, అప్పటి రిపోర్టు చూసి ధైర్యపడితే మోసపోతాం. చిన్న బిల్డింగుకి మధ్యలో ఒక్క బోరైనా చాలని ఐఎస్ 1892 కోడు అంటాది గానీ, పోసిన నేల అయితే రెండు వేయించమంటాను, ఎందుకంటే ఒక మూల మూడడుగులు పోసి ఇంకో మూల ఏడడుగులు పోసుంటారు. మామూలు రెండంతస్తుల ఇంటికి ఆరు మీటర్ల లోతు వెళ్తే చాలావరకు తెలుస్తాది, అక్కడ కూడా మెత్తగానే ఉంటే ఇంకా దింపాలి. రిపోర్టులో "బేరింగ్ కెపాసిటీ (నేల మోయగల బరువు) ఇన్ని టన్నులు" అన్న ఒక్క లైను చూసి మడత పెట్టేయకండి, నీళ్లు ఎంత లోతులో తగిలాయి, ఎంత దిగుబాటుకి ఆ అంకె ఇచ్చారు, బోరు ఏ రోజు వేశారు అని అడగండి. ఇసక నేలలో నీరు ఫుటింగు అడుగుదాకా వచ్చిందంటే బలం దాదాపు సగం అవుతాది, భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం వారనున్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

మనవైపు ఎర్రనేలలే ఎక్కువ, అవి చాలావరకు మంచివే. కొండవారన ఇంకో చిక్కుంది, మట్టిలో పెద్ద పెద్ద గుండురాళ్లు ఉంటాయి, గునపం ఖంగుమనగానే అడుగు రాయి తగిలేసిందని పని ఆపేస్తారు, దాని కింద మళ్లీ మట్టే ఉండొచ్చు. సగం పిల్లర్లు రాయి మీద, సగం పోసిన మట్టి మీద నిలబెట్టిన ఇల్లు మా చెల్లి ఇంటిలాగే పగులుతాది. చెరువు ఆయకట్టుల్లో నల్ల బంకమట్టి తగిలితే ఫ్రీ స్వెల్ టెస్టు చేయించండి, పది గ్రాముల మట్టి నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచి కిరోసిన్ దానికన్నా నీళ్లలోది ఎంత ఉబ్బిందో చూస్తారు, వంద శాతం అలా దాటితే మామూలు ఫుటింగులు వద్దు, కింద బుడ్డిలా ఉబ్బెత్తుండే అండర్ రీమ్‌డ్ పైల్స్ (లోతుకి దింపే కాంక్రీటు స్తంభాలు) గురించి ఇంజనీరుని అడగండి.

మునిసిపాలిటీ వారికీ పంచాయతీల వారికీ మీ పేపరు ద్వారా నా విన్నపం ఒక్కటే. లేఅవుటుకి పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఆ భూమి ఇంతకుముందు ఏమిటో, ఎన్ని అడుగులు పోశారో గేటు దగ్గర బోర్డు పెట్టించండి, పోసిన నేలలో ఇంటి ప్లాను పాసు చేసేముందు సాయిల్ రిపోర్టు అడగండి. మా చెల్లి ఇంటికి రెండు బోర్లు వేయిస్తే అయ్యే ఖర్చు ఆ ఇంటి టైల్స్ ఖర్చులో సగం కూడా కాదు.

ఇప్పటికే పగుళ్లొచ్చిన వాళ్లు వెంటనే సిమెంటు పూసి రంగేయకండి. మా చెల్లి ఇంట్లో పగులుకి అడ్డంగా మూడు చోట్ల సన్నటి గాజు ముక్కలు అంటించి పక్కన తేదీ రాశాను, గాజు విరిగితే ఇల్లు ఇంకా కదులుతున్నట్టు, విరక్కపోతే ఆగినట్టు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాకే రిపేరు ఎలా చెయ్యాలో చెప్తానన్నాను. పై ముక్క మొన్న వానకి విరిగింది, కిందవి రెండూ అలాగే ఉన్నాయి.

ఇట్లు,
సాయిల్ టెస్టు పనివాడు, విజయనగరం