ప్రొబేషన్ అధికారి గారికి ఒక విన్నపం

విశాఖపట్నం ప్రొబేషన్ అధికారి గారికి,

నమస్కారమండీ. మా గాజువాక వైపు బెయిల్, ప్రొబేషన్, పెరోల్ మూడింటికీ జనం చెప్పే అర్థం ఒకటే: "బయటికొచ్చేశాడు". అలా అనుకోవడం వల్లే కుర్రాళ్లు మళ్లీ చిక్కుల్లో పడుతున్నారు.

కేసు తేలకముందు వచ్చేది బెయిల్. నేరం రుజువయ్యాక కూడా, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద, శిక్ష వేయకుండా సత్ప్రవర్తన బాండ్ మీద వదిలితే అది ప్రొబేషన్. పెరోల్ అడవివరం సెంట్రల్ జైలులో శిక్ష అనుభవిస్తున్నవాళ్ల సంగతి. కొన్నాళ్లు ఇంటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాల్సిందే.

అసలు టెన్షన్ బాండ్‌తోనే. దాని గడువు మూడేళ్ల దాకా ఉండొచ్చు. కోర్టు పర్యవేక్షణ ఉత్తర్వు కూడా ఇస్తే కనీసం ఏడాది మీ కనుసన్నల్లో ఉండాలి. ఎక్కడ ఉండాలి, మందు మానాలా లాంటి షరతులు అందులోనే ఉంటాయి. షరతు తప్పితే మొదటిసారి యాభై రూపాయల లోపు జరిమానాతో వదలొచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేయొచ్చు. యాభై రూపాయలంటే ఇప్పుడు ఓ లెక్కే కాదు, అందుకే ఎవరికీ భయం లేదు. అసలు నేరానికే శిక్ష పడొచ్చన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ప్రొబేషన్ పొందినవాడికి ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత అంటదు. ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలకు ఇది ముందు తెలియాలి.

బాండ్ మీద సంతకం పెట్టించే రోజునే ఇవన్నీ తేలిక తెలుగులో ఒక్క కాగితం మీద ఇప్పించండి. చదవలేనివాళ్లకు, పూచీ పడిన ఇంటివాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు,
గాజువాక వాసి