వికలాంగుల గురించి ‘భారం’ అని రాయకండి

సంపాదకులకు,

వార్తల్లో వికలాంగులను ‘భారం’ అంటుంటే చూసి ఇది రాస్తున్నాను. మనుషుల్ని అలా లెక్కగడితే ఎక్కడిదాకా పోతుందో జర్మనీ చరిత్ర చెబుతుంది. సెప్టెంబరు 1 అనగానే పోలండు మీద హిట్లర్ దాడి గుర్తుకొస్తుంది. అదే తేదీ వేసిన ఆయన సంతకం ఇంకో కాగితం మీదా ఉంది. సంతకం చేసింది 1939 అక్టోబరులో, తేదీ మాత్రం యుద్ధం మొదలైన రోజుది వేశారు. ‘నయం కాని’ రోగులను చంపే అధికారం సొంత డాక్టరు కార్ల్ బ్రాంట్‌కి, తన కార్యాలయ అధికారి ఫిలిప్ బూలర్‌కి ఇచ్చిన కాగితమది. ఆఫీసు బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంట్లో ఉండేది. అందుకే ఆ పథకాన్ని తర్వాత ‘టీ4’ అన్నారు.

మానసిక ఆసుపత్రులకు, ఆశ్రమాలకు మనిషికొక ఫారం పంపారు. జబ్బేమిటి, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏ పని చేయగలరు, చూడటానికి ఎవరైనా వస్తారా, ఖర్చెవరిది? ఇవీ ప్రశ్నలు. ముగ్గురు డాక్టర్లు మనిషి ముఖమైనా చూడకుండా ఫారం అడుగున గడిలో ఎర్ర పెన్సిలుతో ప్లస్ పెడితే చావు, నీలంతో మైనస్ పెడితే బతుకు. ఇది కూలికి మనుషుల్ని తీసుకుపోవడానికే అనుకున్న కొందరు నిర్వాహకులు, బాగా పనిచేసేవాళ్లను వదులుకోలేక ‘ఏ పనీ చేతకాదు’ అని రాసి పంపారు. ఎవరి గురించి అలా రాశారో వాళ్లకే ఎర్ర గుర్తు పడింది.

గ్రాఫెనెక్, హాడమార్ వంటి 6 చోట్ల స్నానాల గదులంటూ కార్బన్ మోనాక్సైడ్ వదిలారు. 1941 ఆగస్టు దాకా 70,273 మందిని చంపినట్టు వాళ్ల లెక్కే చెబుతోంది. వీళ్లు లేనందువల్ల పదేళ్లలో 88 కోట్ల 54 లక్షల జర్మన్ మార్కులు మిగులుతాయని, బంగాళాదుంపలు, రొట్టె, జామ్ ఎంతెంత ఆదా అవుతాయో కూడా రాసుకున్నారు.

ఎవరూ ఎదిరించలేదనుకోవడం తప్పు. ఎప్పుడో అపెండిక్స్ తీయించుకున్న మనిషి అపెండిసైటిస్‌తో పోయాడని ఉత్తరం వస్తే కుటుంబాలు ఊరుకోలేదు. బ్రాండెన్‌బర్గ్‌లో సంరక్షకత్వ కేసులు చూసే జడ్జి లోథార్ క్రైసిగ్, తన పరిధిలోని రోగులు వరసగా చనిపోవడం గమనించి 1940 జులైలో న్యాయశాఖ మంత్రికి రాశాడు, బూలర్ మీద హత్యా ఫిర్యాదు చేశాడు, తన అనుమతి లేకుండా ఎవర్నీ తరలించవద్దని ఆశ్రమాలకు ఆదేశాలిచ్చాడు. ఉద్యోగం పోయింది. 1941 ఫిబ్రవరిలో ఆబ్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఆశ్రమవాసుల్ని బస్సులు ఎక్కిస్తుంటే జనం పోగై ఏడుస్తూ నిరసన తెలిపారు. ఆగస్టు 3న బిషప్ గాలెన్ మ్యున్‌స్టర్ చర్చిలో దీన్ని హత్య అని బహిరంగంగా అన్నాడు. ఆ నెల 24న హిట్లర్ గ్యాసు ఆపించాడు. చావులు మాత్రం ఆగలేదు. 1945 దాకా తిండి తగ్గించీ, లూమినల్ అనే మత్తుమందు మోతాదు పెంచీ చంపుతూనే ఉన్నారు.

దీనికి ముందే, 1934 నుంచి అమలైన చట్టం కింద సుమారు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. వాళ్లలో డొరోథియా బుక్ ఒకరు. 19 ఏళ్లకే ఆపరేషన్ చేస్తే, అదేమిటో తోటి రోగి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. 2019లో 102 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆమె మానసిక రోగుల హక్కుల కోసం పోరాడుతూనే ఉన్నారు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు మన దేశంలోనూ జరిగాయి. 1994లో పుణెలో ప్రభుత్వ వసతిగృహంలోని మానసిక వికలాంగ యువతులకు గర్భసంచులు తీశారు. నెలసరి శుభ్రత కష్టమన్నది అప్పుడు చెప్పిన కారణం. ఇప్పుడు 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదు. అమ్మానాన్నల సంతకం ఆమె ఒప్పుకోలుకు బదులు కాదు. ఈ సంగతి తల్లిదండ్రులకు అందేలా మీ ఆరోగ్యం పేజీలో వేయండి.

ఇక మాటల సంగతి. ‘కుటుంబానికి భారమైన వికలాంగుడు’, ‘కుంటి సాకులు’, ‘గుడ్డి పాలన’ వార్తాశీర్షికల్లో కనబడుతూనే ఉన్నాయి. పింఛను ఆలస్యమైతే ‘పింఛను ఆలస్యం’ అనీ, ర్యాంపు లేకపోతే ‘ఆఫీసుకు ర్యాంపు లేదు’ అనీ రాయండి. తప్పు ఎక్కడుందో పాఠకుడికి తెలుస్తుంది. ‘కుంటి సాకు’ అన్నచోట ‘పసలేని సాకు’ సరిపోతుంది.

– ఒక ప్రత్యేక విద్య ఉపాధ్యాయిని, హనుమకొండ