గడువు మాకేనా?

సంపాదకులు గారికి,

నేను ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతూ, విద్యాశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. 2022 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం కోర్సుకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. బాగానే ఉంది. కోర్సు వర్కులో, అంటే పరిశోధనకు ముందు చదవాల్సిన పాఠాల్లో, 55 శాతం మార్కులు తెచ్చుకోవడమూ పెద్ద కష్టమేం కాదు.

అసలు ఇబ్బంది ఆ తర్వాతే. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా కమిటీ ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. మా కమిటీ సభ్యులంతా ఒకేరోజు దొరకడమే గగనం. సమావేశం వాయిదా పడినా గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. పైగా మాకు డేటా దొరికేది తరగతి గదిలోనే. ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక బోధనా ప్రయోగం చేయాలంటే హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి చేతికొచ్చేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. ఇక మళ్లీ వచ్చే విద్యాసంవత్సరమే! ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఈ టెన్షన్ ఉండదు (వాళ్ల టెన్షన్లు వాళ్లకుంటాయనుకోండి).

థీసిస్ సమర్పించిన ఆరు నెలల్లోగా వైవా (మౌఖిక పరీక్ష) ఫలితంతో సహా అంతా ముగించాలని అవే నిబంధనలు విశ్వవిద్యాలయాలకూ చెబుతున్నాయి. గడువు దాటితే మా రిజిస్ట్రేషన్ పోతుంది. వాళ్లు దాటితే అడిగేదెవరు? కమిటీ వల్ల ఆలస్యమైన నెలలను స్కాలర్ గడువులోంచి మినహాయించాలి. సమావేశాల తేదీలను విద్యాసంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి.

- ఓ పరిశోధక ఉపాధ్యాయిని