పాలకొల్లు బట్ట వెళ్లిన దీవుల్లో మతపోరు

సంపాదకులకు,

అయ్యా,

ప్రపంచంలో పలుచోట్ల క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య జరుగుతున్న ఘర్షణల మీద ఈమధ్య మీ పత్రికలో వ్యాసాలూ, వాటి మీద పాఠకుల ఉత్తరాలూ వరసగా వస్తున్నాయి. వాటిలో రెండు వాదాలు పదే పదే కనబడుతున్నాయి. ఇది పద్నాలుగు వందల ఏళ్లనాటి పగ, ఎవరు చెప్పినా తీరేది కాదు అన్నది ఒకటి. ఇదంతా పాశ్చాత్యుల సాంస్కృతిక సామ్రాజ్యవాదం తెచ్చిపెట్టిన తంటా, ఎదురు తిరిగినవారిది ఆత్మరక్షణ మాత్రమే అన్నది రెండోది. రెండూ ఆవేశంగా రాయడానికి పనికొస్తాయి గాని, ఫలానా ఊళ్లో ఫలానా రోజున ఇరుగుపొరుగువారు కత్తులెందుకు దూశారో తెలుసుకోవాలనుకునే పాఠకుడికి అక్కరకు రావు. గోదావరి డెల్టాలో చాలాకాలం చరిత్ర పాఠం చెప్పినవాడిగా, మా ప్రాంతానికి కాస్త సంబంధమున్న ఒక ఉదాహరణను ముందు పెట్టుకుని నాకు తోచినది రాస్తున్నాను.

మన పెద్దలు వలందులు అని పిలిచిన డచ్చివారి ఈస్టిండియా కంపెనీకి 17వ శతాబ్దంలో పాలకొల్లులోనూ ద్రాక్షారామంలోనూ వర్తక స్థావరాలు ఉండేవి. డెల్టా సాలెవారి మగ్గాల మీద నేసిన బట్టను వాళ్లు ఓడలకెక్కించి యూరప్‌కు మాత్రమే తీసుకుపోలేదు. అందులో చాలా భాగం ఇప్పటి ఇండోనేషియా దీవులకు పోయేది. అక్కడ లవంగాలూ జాజికాయా కొనాలంటే కోరమండల్ తీరపు బట్ట ఇచ్చి తీరవలసిందే. ఆ సుగంధద్రవ్యాలు పండే మలుకు దీవులకు ముఖ్య పట్టణం అంబోన్. 1999 నుంచి 2002 దాకా క్రైస్తవులూ ముస్లింలూ ఒకరినొకరు చంపుకొని, వేలమంది చనిపోయి, లక్షలమంది ఇల్లూ వాకిలీ విడిచి పారిపోయిన చోటు అదే.

ఆ దీవుల్లోకి ఇస్లాం వర్తకులతో వచ్చింది, అక్కడి తెర్నాతె అనే దీవి సుల్తానుల ఆదరణలో పెరిగింది. 1512లో పోర్చుగీసువారు వచ్చారు. వారి వెనకే మిషనరీలూ వచ్చారు. 1570లో పోర్చుగీసువారు తెర్నాతె సుల్తాను హైరున్‌ను చంపారు. ఆయన కొడుకు బాబుల్లా వారి కోటను ఏళ్లతరబడి ముట్టడించి 1575లో వాళ్లను తెర్నాతె నుంచి వెళ్లగొట్టాడు. 1605లో వలందులు అంబోన్‌ను పోర్చుగీసుల చేతిలోనుంచి లాక్కుని, అక్కడి క్యాథలిక్ గ్రామాలను ప్రొటెస్టెంటు గ్రామాలుగా మార్చారు. నిన్నటిదాకా ఒక దొర చెప్పిన ప్రార్థన చేసినవాళ్లు నేటినుంచి ఇంకొక దొర చెప్పిన ప్రార్థన చేయాలి. దీన్ని సాంస్కృతిక సామ్రాజ్యవాదం అనకపోతే మరి దేన్నీ అనలేము. అయితే అదే కంపెనీ 1621లో బండా దీవుల ప్రజలను దాదాపు తుడిచిపెట్టింది జాజికాయ వ్యాపారం తన ఒక్కదాని గుప్పిట్లో ఉండాలని. తాను అనుమతించిన దీవుల్లో తప్ప మరెక్కడా లవంగం చెట్టు ఉండకూడదని పడవల్లో సైన్యాన్ని పంపి నరికించింది. మతం ఆ పడవల్లో ప్రయాణం చేసిన మాట నిజమే, కాని పడవ కదిలింది లవంగం కోసం.

తరువాతి కాలంలో డచ్చి ప్రభుత్వం అంబోన్ క్రైస్తవులకు బడులు పెట్టింది, వలస సైన్యంలోనూ కచేరీల్లోనూ కొలువులిచ్చింది. ముస్లిం గ్రామాలకు ఆ భాగ్యం అంతగా దక్కలేదు. ఇంత తేడా పెట్టినా ఆ దీవుల్లో ‘పెలా’ అనే ఒక కట్టుబాటు నిలిచింది. రెండు మూడు గ్రామాలు పెద్దల కాలంలో ప్రమాణం చేసుకుని అన్నదమ్ములవుతాయి. అందులో ఒకటి క్రైస్తవ గ్రామం, మరొకటి ముస్లిం గ్రామం కావచ్చు. ఆ ఊళ్ల మధ్య పెళ్లిళ్లు ఉండవు, ఎందుకంటే వారు తోబుట్టువులు. ఒక ఊళ్లో మసీదు కడుతుంటే క్రైస్తవ గ్రామం కలప మోసుకొస్తుంది. చర్చికి కప్పు వేసే రోజున ముస్లిం గ్రామం పనిలోకి వస్తుంది. వలందుల పాలన ఈ కట్టుబాటును తెంచలేకపోయిందన్న సంగతిని ‘అంతా పాశ్చాత్యులే చేశారు’ అని రాసేవారు గమనించాలి.

పెలాను బలహీనపరిచినవారిలో స్వదేశీయులే ఎక్కువ. 1979లో ఇండోనేషియా రాజధాని జకార్తాలోని ప్రభుత్వం ఒక గ్రామపాలన చట్టం తెచ్చింది. దేశమంతటా గ్రామాలు జావా పద్ధతిలో ఒకే అచ్చున ఉండాలని దాని ఉద్దేశం. దాంతో మలుకులో తరతరాలుగా గ్రామపెద్దలుగా ఉన్నవారి అధికారం సన్నగిల్లింది, వారితోపాటు పెలా ప్రమాణాలను గుర్తుపెట్టుకుని జరిపించే వ్యవస్థా సన్నగిల్లింది. దీన్ని సామ్రాజ్యవాదం అనడానికి మనకు నోరు రాదు, ఎందుకంటే ఇది తెల్లదొరలు చేసినది కాదు. అదే సమయంలో పెలా పాతకాలపు మూఢత్వమని చెప్పే బోధకులు రెండు మతాల్లోనూ బయలుదేరారు. సులవేసి వైపునుంచి వలస వచ్చిన బుటన్, బుగిస్ ముస్లింలకు ఈ గ్రామాల ప్రమాణాలతో పనే లేదు; బజారు వ్యాపారం క్రమంగా వారి చేతిలోకి పోయింది. సర్కారు కొలువుల్లో క్రైస్తవుల పాత పట్టు సడలింది. 1998లో ధరలు మండిపోయి, దేశాన్ని చాలాకాలం ఏలిన అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు. 1999 జనవరి 19న, ఈద్ రోజున, అంబోన్ పట్టణంలో బస్సు దగ్గర ఇద్దరు మనుషుల మధ్య మొదలైన తగాదా సాయంత్రానికల్లా మతపోరుగా మారింది. ఆ ఏడాది క్రిస్మస్ మరునాడు పట్టణంలోని పెద్ద ప్రొటెస్టెంటు చర్చిల్లో ఒకటైన సిలో చర్చిని తగలబెట్టారు. మసీదులూ అలాగే కాలాయి. 2000లో జావా నుంచి లస్కర్ జిహాద్ అనే ముస్లిం సాయుధ దళం వేలమందితో దిగింది. 2002 ఫిబ్రవరిలో మలినో అనే ఊళ్లో రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరేదాకా ఆ మంట ఆగలేదు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ కథలో కంపెనీ ఉంది, సుల్తాను ఉన్నాడు, జకార్తా ఉంది, కొలువులూ కొట్లూ భూములూ ఉన్నాయి. ‘పద్నాలుగు వందల ఏళ్ల పగ’ మాత్రం ఎక్కడా కనబడదు. లెబనాన్ సంగతి తీసుకున్నా అంతే. ఫ్రెంచివారి ఏలుబడిలో 1932లో తీసిన జనాభా లెక్కను ఆధారం చేసుకుని పార్లమెంటు స్థానాలను ఆరుగురు క్రైస్తవులకు అయిదుగురు ముస్లింలు అన్న నిష్పత్తిలో పంచారు. ఆ తరువాత జనాభా మారినా మళ్లీ అధికారిక లెక్క తీయలేదు. 1975లో మొదలైన అంతర్యుద్ధం వెనక ఆ కాగితమూ ఉంది. నైజీరియాలో బ్రిటిషువారు ఉత్తరాదిని ఎమీర్లనే ముస్లిం ప్రభువుల ద్వారా పాలిస్తూ అక్కడికి మిషనరీలను పెద్దగా రానీయలేదు. ఇంగ్లీషు బడులు ఎక్కువగా దక్షిణాదికి దక్కాయి. ఇప్పుడు మధ్య నైజీరియాలో ఎక్కువగా ముస్లింలైన పశువుల కాపరులకూ ఎక్కువగా క్రైస్తవులైన సేద్యగాళ్లకూ నేల కోసం జరిగే కొట్లాటలు మతం రంగు పూసుకుని మనదాకా వస్తున్నాయి.

మతద్వేషం లేదని నేననడం లేదు. నైజీరియాలోని చిబోక్ బడి నుంచి 2014లో 276 మంది ఆడపిల్లలను ఎత్తుకుపోయినవారూ, 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరపు మసీదుల్లో 51 మందిని కాల్చి చంపినవాడూ, అదే ఏడాది ఏప్రిల్‌లో శ్రీలంక చర్చిల్లో ఈస్టర్ ప్రార్థన చేసుకుంటున్నవారి మీద బాంబులు పేల్చినవారూ తాము చేస్తున్నది దేని పేరు మీదో దాచుకోలేదు. దాన్ని పత్రికలూ దాచకూడదు. కాని శ్రీలంక దాడులు జరిగిన రెండు రోజులకే అక్కడి మంత్రి ఒకరు ఇది క్రైస్ట్‌చర్చ్‌కు ప్రతీకారమని పార్లమెంటులో చెబితే, అందుకు ఆధారమేదీ తమకు అందలేదని న్యూజిలాండ్ ప్రభుత్వం అన్నది. మొదటి మాట మా ఊళ్లలో ప్రతి ఫోనుకూ చేరింది, రెండో మాట చేరలేదు. ఇస్తాంబుల్‌లో మొదట చర్చిగా కట్టిన హగియా సోఫియాను 2020లో మళ్లీ మసీదుగా మార్చినప్పుడూ ఇదే జరిగింది. ఆ వీడియోలు పంపుకున్నవారిలో ఒక్కరూ 1236లో చర్చిగా మారిన స్పెయిన్‌లోని కార్డోబా పెద్ద మసీదు గురించి గాని, ఫ్రెంచివారు 1832లో చర్చిగా మార్చగా స్వాతంత్ర్యం వచ్చాక 1962లో తిరిగి మసీదైన, అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లోని కెచావా గురించి గాని ప్రస్తావించలేదు. ఏ గుడిని ఏది చేయాలో ప్రతిసారీ రాజులూ ప్రభుత్వాలూ నిర్ణయించారు. అందులో ప్రార్థన చేసుకునేవారిని ఎవరూ అడగలేదు.

ఇక మా డెల్టా సంగతి. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లే ఆడవాళ్లు ఇప్పటికీ కనబడతారు. ఆ విద్య 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. ఇవాళ దాన్ని అన్ని కులాలవారూ అల్లుతున్నారు, అల్లినదానికి దక్కే కూలి మాత్రం అప్పుడూ ఇప్పుడూ అంతంత మాత్రమే. తెలుగు క్రైస్తవుల పాత కీర్తనలు కర్ణాటక రాగాల్లో ఉన్నాయి. పీర్ల సావిడి దగ్గర దట్టీలు కట్టి మొక్కుకునేవారిలో హిందువులు తక్కువేం కాదు. క్రిస్మస్ ముందురోజు మా బజారులో సాయిబుగారి మాంసం కొట్టు ముందు నిలబడేవారిలో సగంమంది చర్చికి వెళ్లే కుటుంబాలవారే. బయటినుంచి వచ్చినదాన్ని ఈ నేల తనకు కావలసినట్టు మలుచుకుంది. కాటన్ దొర కట్టించిన ఆనకట్టతో ఇంగ్లీషు కంపెనీ ఖజానాకు శిస్తు పెరిగిందని తెలిసినవారే ఆయన విగ్రహానికి దండ వేస్తున్నారు. అందులో నాకు తప్పు కనబడదు.

ఇప్పుడు నాకు భయం కలిగిస్తున్నది వేరు. పీర్ల పండుగకు వెళ్లడం మతం కాదని ముస్లిం కుర్రవాళ్లకు చెప్పే బోధకులూ, పొరుగింటి పండుగ వంట ముట్టడమే పాపమని క్రైస్తవ కుటుంబాలకు చెప్పే బోధకులూ పెరిగారు. ఎవరి విశ్వాసాన్ని వారు శుద్ధి చేసుకోవడం వారి హక్కు, దాన్ని నేను ప్రశ్నించను. కాని ఆ బోధలో భాగంగా, ఇంతవరకు ఇక్కడ లేని ఒక శత్రువును కూడా పరిచయం చేస్తున్నారు. ఎరూషలేము కోసం 1099లో క్రైస్తవ సైన్యాలు చేసిన ఊచకోతా, 1453లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) ముస్లిం తురుష్కుల చేతిలో పడిపోవడమూ తమ ఇంటి గొడవలైనట్టు కోనసీమ కుర్రవాళ్లు ఫోన్లలో వాదించుకుంటున్నారు. 1204లో అదే కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నది క్రైస్తవ సైన్యమేనని వారికెవరూ చెప్పరు. బయటి సంస్కృతిని మన మీద రుద్దుతున్నారని బాధపడేవారు, ఈ తయారుచేసి పంపిన పగను కూడా ఆ లెక్కలోనే వేయాలి.

ఈ విషయంలో మా ప్రాంతపు ఆడవాళ్లకు ఉన్న అనుభవం వ్యాసకర్తలకు లేదు. కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లినవారిలో క్రైస్తవులు ఎందరో ఉన్నారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి. ఆ రోజు బయటికి పంపే ఇల్లు దొరికితే అదృష్టం. పాస్‌పోర్టు లాక్కున్న కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) గురించీ, జబ్బు చేస్తే దగ్గరుండి చూసిన ముసలమ్మ గురించీ వారు ఒకే నోటితో చెబుతారు. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద వారికి కోపం ఉంది, ఆ కోపాన్ని మతం మీదికి మళ్లించడం వారికి రాలేదు. అదే ఇంట్లో పనిచేసిన కడప ముస్లిం స్త్రీకి కూడా అదే జీతం ఎగ్గొట్టారని వారికి తెలుసు.

ఇక్కడ ఈ రెండు సమాజాలకూ ఉమ్మడిగా ఉన్న అసలు సమస్య పత్రికల్లో అరుదుగా కనబడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట దాదాపుగా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులూ దళిత ముస్లింలూ మాత్రం బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో మతం మారిన దళిత క్రైస్తవులకు బీసీ-సి కింద 1 శాతం, వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. రెండోది ఏళ్లతరబడి కోర్టుల్లో నలుగుతోంది. మతం మారిన దళితుల హోదా సంగతి తేల్చడానికి 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఒకే ఉత్తర్వు వల్ల నష్టపోతున్న రెండు వర్గాల పిల్లలు కాన్‌స్టాంటినోపుల్ గురించి పోట్లాడుకోవడం ఎవరికి లాభమో మీ పాఠకులు ఆలోచించగలరు.

2011 సెప్టెంబరులో అంబోన్‌లో మళ్లీ గొడవ రేగింది. ఒక మోటారు సైకిలు టాక్సీ నడిపేవాడు చనిపోతే క్రైస్తవులు చంపారని పుకారు పుట్టింది. అప్పుడు క్రైస్తవులూ ముస్లింలూ కలిసిన ఒక చిన్న బృందం, ఫలానా చర్చి కాలిందనో ఫలానా మసీదు కూలిందనో పుకారు రాగానే, తమవాళ్లలో ఒకరిని అక్కడికి పంపి చూసి, ఉన్నది ఉన్నట్టుగా ఫోన్లకు సందేశాలు పంపుతూ ఆ రోజులు గడిపింది. పత్రికకు అంతకంటె ఎక్కువ వసతులున్నాయి. విదేశాల్లో జరిగిన ఇలాంటి ఘర్షణల వార్త వేసేటప్పుడు అక్కడి నేల ఎవరి పేరున ఉంది, కొలువులు ఎవరికి దక్కాయి, సరిహద్దు గీసింది ఎవరు అన్న నాలుగు మాటలు దాని పక్కన చేర్చమని నా విన్నపం. ఈ వ్యాసాల వరసలో ఒకదానితోపాటు తగలబడుతున్న మసీదు ఫొటో ఒకటి వేశారు. అది ఏ ఊరిదో, ఏ ఏడాదిదో కింద రాయలేదు. ఆ వివరం వచ్చే సంచికలోనైనా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
పాలకొల్లు.